ఒక బాయిలరు, రెండు సెగలు

న్యూఢిల్లీ: పార్లమెంటు శీతాకాల సమావేశాలలో సమస్త విషయాలూ చర్చకు వస్తాయి, శీతాకాలం మాత్రం రాదు. బొగ్గు గనుల కేటాయింపుల మీద సభ దద్దరిల్లిన రోజులను ఈ విలేఖరి చూశాడు. బొగ్గు చాలక వణికిన ఇంటిని గురించి ఎవరైనా లేచి మాట్లాడిన రోజు మాత్రం జ్ఞాపకానికి రావడం లేదు. వరదకు, తుపానుకు, అనావృష్టికి మన రాజకీయాలలో కొంత పలుకుబడి ఉన్నది. చలికి అది లేదు. వరద వస్తే హెలికాప్టరు తిరుగుతుంది, నష్టపరిహారం ప్రకటన వెలువడుతుంది. చలి అయితే తలుపులు మూసిన గదిలోకి చప్పుడు లేకుండా వచ్చి, చప్పుడు లేకుండానే పని ముగించుకుని పోతుంది.

మన తెలుగు సీమకు చలి నాలుగు వారాల చుట్టం. లంబసింగి, ఆదిలాబాదు ప్రాంతాలలో వణికించినా, ఒక గొంగడి, ఒక కుంపటి, ప్రొద్దుటి పూట ఇంత ఎండపొడ ఉంటే గండం గడుస్తుంది. అందుకే ఇంటిని వెచ్చబరచుకోవడం ఒక రాజకీయ సమస్య కాగలదని మనవారికి వెంటనే తోచదు. రాజధానిలో కొంతకాలం కాపురం ఉన్నవారికి తోస్తుంది. ఇక్కడ కాలుష్య నివారణ ఆంక్షలు అమలులోకి రాగానే, కాలనీల గేట్ల వద్ద రాత్రి కాపలాదారులు పుల్లలు పోగుచేసి మంట వేసుకోరాదని, వారికి విద్యుత్ హీటర్లు సమకూర్చవలసినది నివాసుల సంఘాలేనని ఉత్తర్వు వెలువడుతుంది. ఉత్తర్వు సదుద్దేశంతో కూడినదే. కాని గాలిని కాపాడుతున్నది ఎవరి చేతులను చల్లబరచి అన్న ప్రశ్న ఆ గేటు దగ్గర నిలిచే ఉంటుంది.

ఢిల్లీ చలి శ్రీనగర్ చలి ముందు పసిబిడ్డ. కాశ్మీరులో డిసెంబరు 21న మొదలయ్యే 40 రోజులను చిల్లయ్ కలాన్ అంటారు; అంటే పెద్ద చలి. ఆ తరువాత 20 రోజులు చిల్లయ్ ఖుర్ద్, మరి 10 రోజులు చిల్లయ్ బచ్చా. 2024లో సరిగా ఆ తొలి రోజుననే శ్రీనగర్‌లో ఉష్ణోగ్రత మైనస్ 8.5 డిగ్రీలకు దిగింది. దాల్ సరస్సు అంచులు గడ్డకట్టాయి; ఇళ్లలో నీటి గొట్టాలు గడ్డకట్టాయి. గొట్టం గడ్డకడితే నీరు రాకపోవడమొక్కటే నష్టం కాదు. మంచుగా మారిన నీరు వ్యాకోచించి గొట్టాన్నే చీలుస్తుంది.

ఈ చలిని కాశ్మీరీలు శతాబ్దాలుగా రెండు సాధనాలతో ఎదుర్కొంటూ వచ్చారు. మొదటిది కాంగ్డీ. మన కుంపటికే చిన్న రూపం ఇచ్చి, చుట్టూ వెదురుబుట్ట వంటి అల్లిక వేస్తే కాంగ్డీ అవుతుంది. దానిలో బొగ్గు నిప్పులు పోసుకుని, ఫెరన్ అనే వదులైన అంగీ లోపల పెట్టుకుని, మనిషి తన పొయ్యిని తాను మోసుకుంటూ బజారుకు పోతాడు. బీదవాని సెంట్రల్ హీటింగు అది. దాని ఖరీదు మాత్రం కేవలం బొగ్గు ధర కాదు. దశాబ్దాల తరబడి పొట్టకు, తొడలకు ఆ సెగ తగిలినవారికి వచ్చే ఒక చర్మ కేన్సరును 19వ శతాబ్దిలోనే అక్కడి మిషనరీ వైద్యులు గుర్తించారు. నేటికీ వైద్య గ్రంథాలలో దాని పేరు కాంగ్డీ కేన్సరే.

రెండవది హమామ్. మనకు హమామ్ అంటే స్నానశాల. గోల్కొండ చెంత కుతుబ్‌షాహీ సమాధుల ఆవరణలోని హమామును చూసిన పాఠకులకు వేడినీటికి, చన్నీటికి వేరువేరు ఏర్పాట్లు చేసిన ఆ కాలపు నేర్పు తెలిసినదే. కాశ్మీరులో హమామ్ స్నానశాల మాత్రమే కాదు. కూర్చునే గది కూడాను. నేల మీద పరచిన రాతి పలకల క్రింద ఖాళీ వదులుతారు. బయటి వైపున కట్టెలు వేసి మంట పెడితే, ఆ సెగ, పొగ పలకల క్రిందుగా పాకి, ఆవలి గోడలోని గొట్టం గుండా పైకి పోతాయి. మంట మీదనే ఒక రాగి పాత్రను గోడలో బిగిస్తారు. అందులో నీరు కాగుతుంది. అంటే ఒకే నిప్పు నేలను వెచ్చబరుస్తుంది, నీటినీ కాస్తుంది. మసీదులలో, కలవారి ఇళ్లలో ఉండే ఈ ఏర్పాటు చుట్టూ చలికాలపు సాయంకాలాలు గడుస్తాయి. రాజకీయ చర్చలకు అంతకు మించిన కాఫీ హోటలు లోయలో లేదు.

మిత్రుని ఇల్లు

శ్రీనగర్ శివార్లలో నాకొక మిత్రుడున్నాడు. ప్రభుత్వ సర్వీసులో ఇంజనీరుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నాడు. తాతల నాటి ఇల్లు శిథిలం కాగా, దాని చోటనే క్రొత్త ఇల్లు కట్టనారంభించాడు. ఇల్లు లేస్తూ ఉండగానే ఇంట్లో ఒక వివాదం లేచింది. ఎనభై దాటిన తల్లిగారికి మోకాళ్ల నొప్పులు. హమామ్ నేల తప్ప మరొకటి ఆమెకు పనికిరాదు. మేడ మీద ఉండే తమ్ముడు రాత్రిపూట పరదేశపు కంపెనీకి కంప్యూటరు పని చేసేవాడు; మీట నొక్కిన అరగంటలో గది వెచ్చబడాలన్నది ఆయన పట్టు. అందుకు రేడియేటర్లు కావాలి. రెండు వేరు వేరు ఏర్పాట్లు చేసే స్తోమత మిత్రునికి లేదు. ఒకే బాయిలరుతో నేలనూ, రేడియేటర్లనూ నడపవలసి వచ్చింది.

ఇందులో చిక్కేమిటని పాఠకులు అడగవచ్చు. వేడినీరు వేడినీరే కదా? కాదు. రేడియేటరు అన్నది గోడకు ఆనించిన ఇనుప పలక. దాని వైశాల్యం స్వల్పం. కాబట్టి గదికి చాలినంత వేడిని ఇవ్వాలంటే అందులోకి 60 నుంచి 75 డిగ్రీల నీరు పోవాలి. నేల అలా కాదు. గది ఎంత ఉన్నదో రేడియేటరు అంత ఉన్నట్లే. అంత విశాలమైన ఉపరితలానికి 35 నుంచి 45 డిగ్రీల నీరు చాలు. పైగా, మనుషులు మసలే చోట నేల ఉపరితలం 29 డిగ్రీలకు మించరాదన్నది అంగీకృతమైన ప్రమాణం. మించితే పాదాలకు బాధ, కాంక్రీటుకు పగులు. సులువుగా చెప్పాలంటే, అత్తగారికి గోరువెచ్చని పాలు, కోడలికి సలసల కాగే కాఫీ ఒకే పొయ్యి మీద, ఒకే సమయంలో సిద్ధం కావాలి.

మిస్త్రీ దీనికొక సులభోపాయం చూపాడు. "నేలకు పోయే వాల్వును సగం మూసేద్దాం సాహెబ్, వేడి దానంతటదే తగ్గుతుంది" అన్నాడు. అనుభవజ్ఞుడే, ఎన్నో హోటళ్లకు రేడియేటర్లు బిగించిన చేయి. కాని వాల్వును సగం మూస్తే తగ్గేది నీటి పరిమాణమే గాని, నీటి ఉష్ణోగ్రత కాదు. లోపలికి పోయే ఆ కొద్దిపాటి నీరు 70 డిగ్రీలతోనే పోతుంది. గొట్టం మొదటి నాలుగు గజాలూ కాలిపోతాయి. చివరి నాలుగు గజాలూ చల్లగా మిగులుతాయి. తల్లిగారు కూర్చునే చోటు వీటిలో ఏదవుతుందో అదృష్టం మీద ఆధారపడి ఉంటుంది.

సరియైన మార్గం మిక్సింగ్ వాల్వు. మూడు నోళ్ల ఇత్తడి పరికరమది. బాయిలరు నుంచి వచ్చే వేడినీరు ఒక నోట, నేలలో తిరిగి చల్లబడి వచ్చిన నీరు మరొక నోట ప్రవేశిస్తాయి. లోపలి థర్మోస్టాట్ రెంటినీ తగు పాళ్లలో కలిపి, నిర్ణయించిన ఉష్ణోగ్రత గల నీటినే మూడవ నోట విడిచిపెడుతుంది. దాని తరువాత నేలకు ప్రత్యేకంగా ఒక పంపు. ఆ పిమ్మట అనేక శాఖలుగా చీలే మ్యానిఫోల్డు. ఒక్కొక్క శాఖ గొట్టం 100 మీటర్లకు మించకుండా చూసుకుంటారు. మించితే నీరు మార్గమధ్యంలోనే చల్లారుతుంది. పంపు ముందు మరొక రక్షక పరికరం ఉంటుంది. ఏ కారణం చేతనైనా నీరు మితిమీరి వేడెక్కితే అది పంపును ఆపివేస్తుంది. నేలకొక థర్మోస్టాట్, మేడకొక థర్మోస్టాట్. ఏది అడిగినా నీరు అందాలి. రెండూ చాలునన్నప్పుడు రెండు పంపులూ ఆగాలి.

గొట్టాల క్రింద దళసరి ఇన్సులేషన్ పలకలు పరచకపోతే ఈ శ్రమంతా వృథా. నేల వేడి పైకి రాకుండా కాశ్మీరు భూగర్భాన్ని వెచ్చబరుస్తూ పోతుంది. కాంక్రీటు పోయకముందే గొట్టాలలో ఒత్తిడి పెట్టి లీకులు పరీక్షించాలి. పోసిన తరువాత తెలిసే లీకుకు సుత్తి తప్ప మందు లేదు. నేల స్వభావం కూడా గ్రహించవలసినదే. ప్రొద్దున పెట్టిన సెగ మధ్యాహ్నానికి గాని తెలియదు. ఆపిన తరువాత సాయంకాలం దాకా పోదు. ఓపిక గలవారికి నేల, తొందర గలవారికి రేడియేటరు. తల్లి క్రింద, తమ్ముడు మేడ మీద ఉండడం ఆ ఇంటి అదృష్టం. మేడకు ఉన్నది చెక్క నేల. దాని మీద కాంక్రీటు బరువు మోపే ప్రసక్తే లేదు.

ఇంత చెప్పినా మిక్సింగ్ వాల్వు శ్రీనగర్ బజారులో ఆ సమయానికి దొరకలేదు. కొండచరియలు విరిగి రహదారి మూతపడి ఉండడంతో సరుకు ఎక్కడో నిలిచిపోయింది. మిత్రుడు ఫోను చేస్తే, నేను చావ్డీ బజారుకు పోయి వెదకి, కొని, చేతిసంచిలో పెట్టుకుని విమానాశ్రయానికి బయలుదేరాను. మూడు నోళ్ల ఇత్తడి వస్తువు ఎక్స్‌రే తెర మీద ఎంత అనుమానాస్పదంగా కనిపిస్తుందో అప్పుడు తెలిసింది. సంచి విప్పమన్న జవాను నా టిక్కెట్టు మీది పేరు చూసి, తెలుగులోకి దిగాడు. శ్రీకాకుళం జిల్లా వాడట.

"ఏవిటండీ బాబూ ఇది?"

"ఒక ముసలావిడ కాళ్లు కాలకుండా చూసే యంత్రం" అన్నాను.

వివరం విని నవ్వాడు. పిదప గొంతు తగ్గించి, "కొండల మీద డ్యూటీ చేసినప్పుడు, బుఖారీ వెలుగుతుండగా కిటికీ మూసి పడుకోవద్దని రోజూ చెప్పేవారండి. చలికి తట్టుకోలేక మూసేవాళ్లం. మళ్లీ ఎవరో ఒకరు లేచి తెరిచేవాళ్లం" అన్నాడు. వాల్వును మళ్లీ కాగితంలో చుట్టి నా చేతికిచ్చాడు.

మూసిన కిటికీ

ఆ జవాను మాటలో పెద్ద సత్యమున్నది. బొగ్గు, కట్టె, గ్యాసు ఏదైనా సరే, గాలి చాలక అరకొరగా మండితే కార్బన్ మోనాక్సైడు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబినుకు ప్రాణవాయువుతో ఉన్న పొత్తు కన్నా దీనితో ఉన్న పొత్తు 200 రెట్లకు మించినది. నిద్రలోకి జారిన మనిషి మేలుకోడు. 2025 జనవరి మొదటి వారంలో శ్రీనగర్‌లోని పాంద్రేఠన్ ప్రాంతంలో, అద్దె ఇంటిలో ఒకే కుటుంబానికి చెందిన అయిదుగురు ఊపిరాడక మరణించారు. అందులో పిల్లలున్నారు. పత్రికలలో రెండు రోజులు వార్త, తరువాత యథాప్రకారం. చలికాలం వచ్చిన ప్రతిసారీ లోయలోనో, లద్దాఖ్‌లోనో, ఢిల్లీ మురికివాడలోనో ఇటువంటి వార్త చదవవలసి వస్తూనే ఉన్నది.

బాయిలరు పద్ధతిలోని గొప్ప సుగుణం ఇక్కడే ఉన్నది. అందులో నిప్పు ఒకచోట, మనిషి మరొకచోట. నిప్పు బయటి కొట్టులో, సరియైన పొగగొట్టంతో మండుతుంది. గదిలోకి వచ్చేది నీరు మోసుకు వచ్చిన వేడి మాత్రమే. అందుచేత దీనిని కలవారి విలాసంగా కొట్టిపారవేయడం న్యాయం కాదు. వెచ్చదనాన్ని పొగ నుంచి వేరు చేసే ప్రతి సాధనమూ ప్రాణరక్షణ సాధనమే.

కాని ఆ బాయిలరుకు ఆహారం ఏది? నా మిత్రుడు గ్యాసును, డీజిలును వద్దన్నాడు. ఆ రెండూ లోయలోకి రావలసినది 44వ జాతీయ రహదారి మీద. హైదరాబాదు, కర్నూలు, అనంతపురాల మీదుగా కన్యాకుమారి దాకా పోయే ఆ రోడ్డే ఆవలి కొసన కాశ్మీరుకు గొంతునాళం. మనకు ఆ రోడ్డు ఎప్పుడూ తెరిచే ఉంటుంది. వారికి ఒక వాన, ఒక మంచుపెళ్ల చాలు. 2025 సెప్టెంబరులో ఆ దారి కుంగి, ఆపిల్ పళ్ల లారీలు రోజుల తరబడి నిలిచి సరుకు కుళ్లిపోయింది. అదే సంవత్సరం జూన్‌లో చీనాబ్ వంతెన మీదుగా రైలు లోయను చేరడం నిస్సందేహంగా చరిత్రాత్మకం. అయినా ఒక ఇంటి పెద్ద తన తల్లి వెచ్చదనాన్ని లారీ రాకపోకల మీద పందెం కాయడానికి జంకడంలో ఆశ్చర్యం లేదు. సొంత తోటలో ఏటా ఆపిల్ చెట్లకు కొమ్మలు కొట్టగా వచ్చే కట్టెను నమ్ముకుని, ఆయన కట్టెల బాయిలరే పెట్టించాడు. రాత్రంతా మంట చూసుకోనక్కరలేకుండా, ఇన్సులేషన్ చుట్టిన ఒక పెద్ద నీటి ట్యాంకులో వేడిని నిల్వచేసే ఏర్పాటు చేసుకున్నాడు.

ఇక్కడ మరొక చిక్కు ఎదురైంది. గ్యాసు బాయిలరు కరెంటు పోగానే తనంతట ఆరిపోతుంది. కట్టెల మంట ఆరదు. పంపులు ఆగితే వేడి పోయే దారి లేక బాయిలరులో నీరు మరగడం మొదలుపెడుతుంది. ఇందుకు పాత ఇంజనీర్లు కనిపెట్టిన ఉపాయం చాలా సరళమైనది. మేడ మీది ఒక రేడియేటరును పంపుతో గాని, థర్మోస్టాటుతో గాని నిమిత్తం లేకుండా, వాల్వు ఎన్నడూ మూయకుండా, లావుపాటి గొట్టంతో బాయిలరుకు కలిపి ఉంచుతారు. వేడినీరు తేలికై పైకి పోతుంది, చల్లబడినది బరువై క్రిందికి వస్తుంది. కరెంటు ఉన్నా లేకపోయినా ఆ ఒక్క దారి తెరిచే ఉంటుంది. పంపులకు ఒక ఇన్వర్టరు బ్యాటరీని కూడా జతచేశారు. కరెంటు పోతుందా పోదా అన్నది లోయలో చర్చనీయాంశం కాదు; ఎన్ని గంటలు పోతుందన్నదే ప్రశ్న.

నీరున్నా కరెంటు లేదు

జలవిద్యుత్తుకు పుట్టినిల్లు వంటి ప్రాంతంలో కరెంటు ఎందుకు పోవాలి? ఇది హీటరు ప్రశ్న కాదు, రాజ్యాంగ ప్రశ్న, అంతర్జాతీయ ప్రశ్న. జీలం, చీనాబ్ నదులు మంచు కరిగే వేసవిలో పొంగి పొరలుతాయి. చలికాలంలో ఎండి సన్నబడతాయి. విద్యుత్తు అవసరం తారస్థాయికి చేరే నెలలలోనే ఉత్పత్తి అడుగంటుతుంది. నీటిని నిల్వచేసే జలాశయాలుంటే ఈ కొరతను పూడ్చవచ్చు. కాని 1960 సెప్టెంబరులో నెహ్రూ, అయూబ్‌ఖాన్ కరాచీలో సంతకాలు చేసిన సింధు జలాల ఒప్పందం పశ్చిమ నదుల మీద భారతదేశానికి ప్రధానంగా ప్రవాహాధారిత విద్యుత్కేంద్రాలనే అనుమతించింది. నిల్వకు 36 లక్షల ఎకరపు అడుగుల పరిమితి పెట్టింది; ఆ మేరకైనా మనం కట్టుకోలేదు.

వూలర్ సరస్సు ముఖద్వారం వద్ద తుల్‌బుల్ పథకాన్ని 1984లో మొదలుపెట్టి, పాకిస్తాన్ అభ్యంతరంతో 1987లో నిలిపివేశాము. చలికాలంలో జీలం ప్రవాహాన్ని క్రమబద్ధం చేసి, పడవల రాకపోకలకే గాక దిగువ విద్యుత్కేంద్రాలకు కూడా తోడ్పడవలసిన పథకమది. 2025 ఏప్రిల్‌లో పహల్గాంలో జరిగిన దారుణ హత్యాకాండ తరువాత భారత ప్రభుత్వం ఒప్పందాన్ని నిలుపుదలలో ఉంచినట్లు ప్రకటించగా, మే నెలలో ముఖ్యమంత్రి ఒమర్ అబ్దుల్లా తుల్‌బుల్‌ను తిరిగి చేపట్టాలన్నారు. మెహబూబా ముఫ్తీ దానిని తీవ్రంగా ఆక్షేపించారు. ఇద్దరు నేతల వాగ్వాదాన్ని ఢిల్లీ పత్రికలు దేశభక్తి కొలబద్దతో కొలిచాయి. చిల్లయ్ కలాన్ రాత్రి 2 గంటలకు ఒక పంపు తిరుగుతుందా లేదా అన్న కొలబద్దతో కొలిచినవారు అరుదు. కృష్ణా, గోదావరి జలాల తగాదాలలో తలపండిన తెలుగు పాఠకులకు ఒక్క మాట చెబితే చాలు: నదీజలాల పంపకంలో నీటి పరిమాణం ఎంత ముఖ్యమో, ఏ నెలలో ఎంత అన్నది అంతకంటె ముఖ్యం.

రెండవ కథ మన ఇంటిలోనిదే. సలాల్, ఉరీ, దుల్‌హస్తీ, కిషన్‌గంగ కేంద్రాలు కేంద్ర ప్రభుత్వ సంస్థవి. స్థానిక ప్రభుత్వానికి ఉచితంగా వచ్చేది 12 శాతం విద్యుత్తు. చలికాలంలో మిగిలిన అవసరానికి బయటి నుంచి కొనవలసినదే. మా నది మీది కరెంటును మాకే అమ్ముతున్నారన్న ఫిర్యాదును శ్రీనగర్‌లో అన్ని పార్టీలవారి నోటా విన్నాను. పెట్టుబడి పెట్టినవారికి రాబడి వద్దా అన్న ప్రతివాదం ఢిల్లీలో విన్నాను. రెంటిలోనూ న్యాయం ఉన్నది. కాని 12 శాతమన్న లెక్కకు వేసవి, చలికాలం అన్న తేడా తెలియదు. నది పొంగినప్పుడు పన్నెండు పాళ్లు, ఎండినప్పుడూ పన్నెండు పాళ్లే.

పాలకులు మాత్రం ఋతువులకు లొంగి ఉండలేదు. ఎండకు జడిసి ఇంగ్లీషు దొరలు 1864 నుంచి వేసవి రాజధానిని సిమ్లాకు ఎక్కించారు. కాశ్మీరులో మహారాజా రణబీర్ సింగ్ 1872లో దర్బారును చలికాలానికి జమ్మూకు దించారు. దొరలు పోయినా, మహారాజులు పోయినా, ఫైళ్ల పెట్టెలు లారీలెక్కి నవంబరులో దిగడం, మేలో ఎక్కడం ఆగలేదు. 2021లో ఖర్చు దండుగ అని ఆపివేశారు. జమ్మూ వర్తకులు గగ్గోలు పెట్టగా 2025లో మళ్లీ మొదలుపెట్టారు. దాని మంచిచెడ్డల జోలికి నేను పోను. చలికి ఊరు విడిచిపోయే సౌకర్యం సచివాలయానికి ఉన్నది, వూలర్ ఒడ్డు జాలరికి లేదన్నది మాత్రం గమనింపదగినది.

ఇరుగుపొరుగు

ఈ సమస్య మన ఎల్లలతో ఆగదు. అఫ్ఘనిస్తాన్‌లో తావాఖానా అనే పాత ఏర్పాటు అచ్చం హమాముకు అన్నదమ్ము. వంటపొయ్యి పొగను నేల క్రిందుగా పంపి గదిని వెచ్చబరుస్తారు. అది లేని ఇళ్లలో నిప్పుల కుంపటి మీద పొట్టి బల్ల వేసి, దాని మీద పెద్ద బొంత కప్పి, కుటుంబమంతా కాళ్లు లోపలికి చాచి కూర్చునే సందలీ ఉన్నది. పాకిస్తాన్‌లోని బలూచిస్తాన్ కథ కాశ్మీరు జలవిద్యుత్తు కథకు ప్రతిబింబం. సుయీ వద్ద సహజవాయువు 1952లో బయటపడింది. అది దేశమంతటా పొయ్యిలు వెలిగించింది గాని, ఆ రాష్ట్ర రాజధాని క్వెట్టాకు గొట్టం చేరడానికి సుమారు మూడు దశాబ్దాలు పట్టింది. బలూచీల అసంతృప్తి జాబితాలో ఈ గ్యాసు మాట నేటికీ మొదటి వరుసలో ఉంటుంది. వనరు ఎవరి నేల క్రిందనో, వెచ్చదనం మరెవరి ఇంటనో ఉండడం రాజకీయంగా ఎంత ఖరీదైనదో ఇస్లామాబాదు తెలుసుకున్నట్లు లేదు.

మనం తెలుసుకున్నామా? లద్దాఖ్‌ను చూడండి. ఏడాదిలో 300 రోజులకు పైగా ఎండ కాసే శీతల ఎడారి అది. అక్కడ 13 గిగావాట్ల సౌర, పవన విద్యుత్తును ఉత్పత్తిచేసి హర్యానాలోని కైథల్ దాకా తీసుకువచ్చే లైనుకు 2023 అక్టోబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన వ్యయం 20,773 కోట్ల రూపాయలు. దేశానికి అవసరమైన పథకమే. అదే ఎండను దక్షిణపు అద్దాల గోడ గుండా లోపలికి రానిచ్చి, మట్టి గోడలలో నిల్వచేసి, పొయ్యి లేకుండానే గదులను వెచ్చగా ఉంచవచ్చునని లేహ్ సమీపంలోని సెక్‌మోల్ విద్యాలయ భవనాలు ఏనాడో నిరూపించాయి. ఆ పద్ధతిలోనే సైనికుల కోసం సౌర గుడారాన్ని సోనమ్ వాంగ్‌చుక్ 2021 ఫిబ్రవరిలో ప్రదర్శించారు. 2020 జూన్ 15న గల్వాన్‌లో సూర్యాపేట బిడ్డ కర్నల్ సంతోష్‌బాబుతో సహా 20 మంది ప్రాణాలర్పించిన తరువాత, ఆ చలికాలం వేలాది సైనికులు ఆ ఎత్తులలోనే గడపవలసి వచ్చింది. వెచ్చని నివాసాలను ఆగమేఘాల మీద సైన్యం నిర్మించింది. జాతికి అవసరమని తోచిన చోట చలిని జయించే నేర్పు, నిధులు మన వద్ద ఉన్నాయని అది రుజువు చేసింది. సైనికునికి చేయగలిగినది పౌరునికి చేయరానిదేమీ కాదు.

చట్టానికి అందని ఇల్లు

బాయిలరు ఎంత గొప్పదైనా, చిల్లుల కుండలో నీరు పోసినట్లు, వేడి నిలవని ఇంట్లో అది దండుగ. కాశ్మీరు పాత ఇళ్లు కలప చట్రాల మధ్య ఇటుక, మట్టి పేర్చినవి. గదులు చిన్నవి, పైకప్పులు పొట్టివి, చెక్క లోకప్పు క్రింద వెచ్చదనం నిలిచేది. భూకంపానికి కూడా అవి మెరుగుగా తట్టుకున్నాయి. వాటి చోట వచ్చిన కాంక్రీటు గోడ, రేకు కప్పు, వెడల్పాటి అద్దాల కిటికీ ఢిల్లీ కాలనీ నుంచి దిగుమతి అయిన ఫ్యాషన్. ఇంటి గోడ, కప్పు ఎంత వేడిని బయటికి పోనివ్వవచ్చునో చెప్పే నియమావళిని విద్యుత్ శాఖ 2018లోనే ప్రకటించింది. శీతల ప్రాంతాలకు అందులో వేరు లెక్క కూడా ఉన్నది. 2022 డిసెంబరులో, సరిగ్గా శీతాకాల సమావేశాలలోనే, రాజ్యసభ ఆమోదించిన ఇంధన పొదుపు సవరణ చట్టం నివాస భవనాలను ఆ పరిధిలోకి తెచ్చింది. అయితే 100 కిలోవాట్లకు తగ్గని విద్యుత్ లోడు గల భవనాలే దాని లక్ష్యం. అంటే అపార్టుమెంటు సముదాయాలు. నా మిత్రుని ఇల్లు, జాలరి ఇల్లు, పాంద్రేఠన్‌లోని అద్దె ఇల్లు ఏవీ ఆ గీతకు దరిదాపులలో లేవు.

గ్రామీణ గృహనిర్మాణ పథకం క్రింద మైదాన ప్రాంతపు ఇంటికి కేంద్రం నిర్ణయించిన సాయం 1 లక్షా 20 వేలు. కొండ ప్రాంతానికి 1 లక్షా 30 వేలు. సామగ్రిని కొండ ఎక్కించే ఖర్చు, చలికి తట్టుకునే గోడ, మంచు జారే కప్పు అన్నీ ఆ పదివేల తేడాలో ఇమడాలి. ఇన్సులేషన్‌కు ప్రత్యేకంగా కొంత మొత్తం, పొగగొట్టం లేని పొయ్యికి బదులు పొగగొట్టం గల పొయ్యి, ప్రతి అద్దె గదికీ కార్బన్ మోనాక్సైడు హెచ్చరిక గంట, చలికాలపు నెలలకు వేరుగా లెక్కగట్టిన విద్యుత్ వాటా: ఈ నాలుగింటికి రాజ్యాంగ సవరణ అక్కరలేదు, పొరుగుదేశంతో సంప్రదింపులు అక్కరలేదు. సభలో ఒక అరగంట చర్చ, ఖజానాలో కొంత శ్రద్ధ చాలును.

మిత్రుని ఇంట పని పూర్తయింది. నేల వెచ్చబడింది, తల్లిగారు మొదటిరోజు, ఇది నిజమైన హమామ్ కాదు, కట్టె చప్పుడు వినపడడం లేదని ఆక్షేపించారట. రెండవ రోజు నుంచి అక్కడి నుంచి లేవడం మానేశారట. మిస్త్రీ ఇప్పుడు ఆ వాల్వును మరి ఇద్దరికి బిగించాడు.

ఢిల్లీలో కూర్చుని రాష్ట్రాలకు నిధులు, నీరు, కరెంటు పంచేవారికి ఆ మిస్త్రీ తొలి పొరపాటు పాఠం కాదగును. ఒకే బాయిలరు నుంచి దేశమంతటికీ వేడి పంపవలసినదే; అందులో విప్రతిపత్తి లేదు. కాని అందరికీ ఒకే ఉష్ణోగ్రత పంపి, వద్దన్నవారికి వాల్వు సగం మూయడం పంపకం అనిపించుకోదు. ఎవరి నేలకు ఎంత సెగ కావాలో, ఏ నెలలో కావాలో చూసి కలిపి పంపాలి. పంపులు ఆగిన రోజున కూడా తెరిచి ఉండే దారి ఒకటి మిగల్చాలి. ఇవి రెండూ లేని ఇంట్లో, నీరు ఎంత ఉన్నా, ఒక గది పగులుతుంది, మరొక గది గడ్డకడుతుంది.